బొమ్మలో చిక్కిన అక్షరం



మొన్న ఉగాదినాడు నా చరవాణికి వచ్చిన శుభాకాంక్షలలో చాలా మట్టుకు బొమ్మలే. మామిడి తోరణం, వేపపూత, కొత్త కుండలో పచ్చడి, వాటి నడుమ బంగారు రంగు అక్షరాలలో ఒక తేటగీతి. పద్యం బాగున్నది. ఎవరిదో వ్రాయలేదు. కవిని పోల్చుకొందమని కండ్లద్దాలు సవరించుకొని చూచితిని గదా, మూడవ పాదంలో యతిస్థానాన ఉన్న అక్షరం అలుక్కుపోయి ఉన్నది. అది పకారమో, వకారమో, షకారమో తేల్చుకొనలేకపోయినాను. ఎన్ని చేతులు మారినదో ఏమో, ప్రతి చేతిలోనూ కొంత అరిగి, పాత రూపాయి బిళ్ళ మీది ముద్ర వలె నా దగ్గరకు చేరినది. యతి అక్షరమే పోయిన తర్వాత చుట్టూ ఉన్న మామిడాకులు ఎంత పచ్చగా ఉంటేనేమి?

ఉత్తరాలలో, పత్రాలలో, జాలపుటలలో బొమ్మలు చొప్పించే విషయం గురించి తెలుగు పంతులు వ్రాయడమేమిటని కొందరు నవ్వవచ్చును. అది కంప్యూటరు నేర్పేవారి పని అని నేనూ చాలాకాలం అనుకొన్నాను. రెండు అనుభవాలు నా అభిప్రాయాన్ని మార్చినవి. అక్షరంగా ఉండవలసినదాన్ని ఒకసారి బొమ్మగా పంపినాను. బొమ్మగా భద్రపరచవలసినదాన్ని మరొకసారి అజాగ్రత్తగా నలిపి పాడుచేసినాను. రెండు విధాలా తప్పు చేసినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు కొంత అర్హత ఉన్నదనుకొంటున్నాను.

మొదటిది చెబుతాను. జనగామలో నేను పనిచేసిన రోజులలో ఒక విద్యార్థి ఉండేవాడు. పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేవాడు. గణాలు వ్రేళ్ళ మీద లెక్కపెట్టేవాడు కాదు, చెవితోనే పట్టేవాడు. రేచీకటితో మొదలైన జబ్బు ముదిరి, ముప్పయి ఏండ్లు నిండకముందే అతనికి చూపు పూర్తిగా పోయినది. ధైర్యం పోలేదు. ఉద్యోగం చేసుకొంటున్నాడు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాధనం చరవాణిలో ఉంటుంది కదా, దానితో వార్తలు, ఉత్తరాలు, కథలు అన్నీ వింటాడు. రెండేండ్ల క్రితం నేనొక పద్యఖండిక వ్రాసి, తెలిసిన కుర్రవాని చేత పూలతీగెల నడుమ ముచ్చటగా అమర్పించి, బొమ్మ చేసి, నలుబది మందికి పంపినాను. అతనికీ పంపినాను. మెచ్చుకోళ్ళు వచ్చినవి. మరునాడు అతడు ఫోను చేసినాడు.

“సార్, మీరేదో పద్యం పంపిన్రట గద. నాకు ‘ఫోటో’ అని ఒక్క మాట చెప్పి ఊకుంటున్నది. జర చదివి వినిపిస్తరా?”

చదివి వినిపించినాను. విన్నంతసేపూ ఆహా అన్నాడు. ఫోను పెట్టేసిన తర్వాత నాకు మాత్రం మనసు స్థిమితపడలేదు. ఆ నలుబది మందిలో పద్యాన్ని చెవితో పట్టగలవాడు అతడొక్కడు. అతనికే తలుపు మూసినాను. చూపు పోయి కాదు, నేను ఆ అక్షరాలకు బొమ్మ వేషం వేసినందువల్ల అతనికి అవి అందలేదు. బొమ్మలో మన కంటికి కనబడేది పద్యం. యంత్రానికి కనబడేవి కొన్ని లక్షల రంగు చుక్కలు. చుక్కలకు ఉచ్చారణ లేదు. వెదకితే దొరకవు. దిద్దుకొందమంటే లొంగవు.

ఈ అలవాటు మనకు ఎక్కడినుంచి వచ్చినదో పాతవారికి గుర్తుండే ఉంటుంది. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అది మన ఇండ్లలోని యంత్రాలకు చేరడానికి మరి పది పన్నెండేండ్లు పట్టినది. ఆ లోపల పత్రికల జాలపుటలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఖతితో నడిచేవి. ఒకదాని ఖతి మరొకదానికి పనికివచ్చేది కాదు. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చినది గాని, మన లిపుల అమరికను సీడీ పెట్టి విడిగా చేర్చుకొంటే తప్ప ఒత్తులు విడిపోయి, కొమ్ములు ఊడి, తెలుగు కుంటుతూ నడిచేది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులు అందించినారు. బమ్మెర మాది అని గర్వించే జనగామ వాండ్లకు ఆ మొదటి ఖతి పేరు చూస్తేనే ఒక సంతోషం. నాగార్జున వెన్న గారి ‘పద్మ’ పాత ఖతుల వ్రాతను యూనికోడులోకి మార్చి చూపినది. వీవెన్ గారి ‘లేఖిని’ వచ్చిన తర్వాత గదా నావంటి పంతుళ్ళు కూడా ధైర్యం చేసి మీటల మీద చేయి పెట్టినారు!

ఆ స్థితిలో పద్యాన్ని బొమ్మగా పెట్టడం తప్పు కాదు. అదే శరణ్యం. కొన్ని అక్షరాలకైతే యూనికోడులోనే చోటు లేదు. దంత్య చకార జకారాలు ౘ, ౙ 2008లో చేరినవి. ప్రాచీన శాసనాలలో కనబడే ఴ 2014లో చేరినది. నకారపొల్లుకు 2021లో గాని స్థానం దొరకలేదు. వ్యాకరణ విషయం ఒకటి వ్రాయవలసివస్తే ఆ ఒక్క అక్షరానికి చిన్న బొమ్మ చేసి పంక్తి నడుమ ఇరికించేవాణ్ణి. అక్కడ ఎడం పెరిగి, వరిమడిలో బండరాయి ఉన్నట్లు కనబడేది. చూచి నొచ్చుకొనేవాణ్ణి, వేరే దారి లేక ఊరుకొనేవాణ్ణి. ఇప్పుడు ఆ అవసరం తీరినది. అలవాటు మాత్రం మిగిలినది. మిగలడమే కాక, చరవాణుల కాలంలో ఊరంతా వ్యాపించినది. పెండ్లి పిలుపు బొమ్మ, సంతాపం బొమ్మ, సాహిత్య సభ ఆహ్వానం బొమ్మ, చివరకు వ్యాకరణ పాఠం కూడా బొమ్మే.

దీనికి సమాధానంగా మిత్రులు చెప్పే కారణాలు మూడు.

బొమ్మగా పంపితే పాదవిభాగం చెదరదు, అక్షరం విరగదు అన్నది మొదటిది. ఇది ఒకనాటి సత్యం. నేడు సామాన్యమైన చరవాణిలో కూడా తెలుగు సరిగ్గానే అమరుతున్నది. పాదం చివర పంక్తి మార్చి వ్రాస్తే అది ఎక్కడికి పోయినా నాలుగు పాదాలుగానే పోతుంది.

బొమ్మ చేసి పేరు వేస్తే దొంగలు ఎత్తుకుపోరు అన్నది రెండవది. ఎత్తుకుపోయేవాడికి ఆ పేరున్న అంచును కత్తిరించడం ఎంతసేపు? నాకు వచ్చిన ఉగాది పద్యానికి పేరు లేకపోవడానికి కారణం అదే అయి ఉండవచ్చును. పైగా అక్షరంగా ఉన్న పద్యంలో ఒక పాదం తీసుకొని వెదకితే మొదట ప్రకటించిన చోటు బయటపడుతుంది. బొమ్మలో దాచిన పద్యానికి ఆ సాక్ష్యం కూడా ఉండదు. దొంగకు అడ్డు అనుకొన్నది చివరకు సొంతదారుకే అడ్డు.

మూడవది అందం. దీన్ని నేను తేలికగా తీసివేయను. అక్షరాల కూర్పులో అందం ఉన్నది, దాన్ని చూచి ఆనందించడంలో తప్పులేదు. మన అలంకారికులు చిత్రకవిత్వాన్ని అధమమన్నా కవులు బంధాలు వ్రాయడం మానలేదు. నాగబంధం, చక్రబంధం, పద్మబంధం, ఖడ్గబంధం. పద్యంలోని అక్షరాలను పాము మెలికలలో, చక్రపు ఆకులలో అమర్చి, పాదాలు కలిసే కూడలిలో ఒకే అక్షరం రెండు పాదాలకూ పనికివచ్చేట్టు కూర్చేవారు. బొమ్మలో అక్షరాన్ని చొప్పించడం మనకు కొత్త విద్య కాదు. అయితే బంధకవి ఒక నియమం పాటించినాడు. ఆ పాము బొమ్మను తీసివేసినా పద్యం పద్యంగా నిలుస్తుంది. నోటితో చదువవచ్చును, చెవితో వినవచ్చును, ప్రతి వ్రాసుకొనవచ్చును. పుస్తకంలో బంధం ప్రక్కనే పద్యాన్ని విడిగా కూడా అచ్చువేస్తారు. నేటి మన పూలతీగె బొమ్మకు ఆ నియమం లేదు. బొమ్మ పోతే పద్యమూ దానితోనే పోతుంది. కాబట్టి అందం కావాలంటే బొమ్మ పెట్టండి. దాని క్రిందనే పద్యాన్ని అక్షరాలుగా కూడా ఉంచండి. రెండు నిమిషాల పని.

ఈ రోజులలో యంత్రాలు బొమ్మలోని అక్షరాలను కూడా చదువుతున్నవి గదా అని అడుగవచ్చును. నిజమే, శుభ్రమైన అచ్చుపుటను అవి ఆశ్చర్యపడేంత బాగా చదువుతున్నవి. కాని పూలరెక్కల మీద వంపులు తిరిగిన అక్షరాలలో అరసున్న ఎగిరిపోతుంది, ఱ కాస్తా ర అవుతుంది, థకార ధకారాల తేడా గాలికి పోతుంది. ఒకప్పుడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో మన పాత పుస్తకాలు వేలకొద్దీ పుటల బొమ్మలుగా దొరికేవి. అది మహోపకారం, మరువరాదు. అయితే పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో ఇష్టం వచ్చినట్లు వ్రాసి ఉండేవి. కావలసిన పుస్తకం కోసం దాని పేరును ఎవరు ఎట్లు తప్పుగా వ్రాసి ఉంటారో ఊహించి వెదికేవారము. లోపల ఒక పద్యం ఎక్కడున్నదో చూడవలెనంటే పుట పుటా తిప్పవలసిందే. వికీసోర్సులో ఆ పుటలనే ఒక ప్రక్క బొమ్మగా, మరొక ప్రక్క దిద్దిన అక్షరంగా ఉంచే పద్ధతి ఉన్నది. బొమ్మ సాక్షి, అక్షరం వాచకం. రెండూ ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు తప్పు దిద్దుకొనే అవకాశం ఎప్పటికీ ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇంతకంటె ధర్మమైన ఏర్పాటు లేదు.

ఇక రెండవ అనుభవం. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉన్నది.

2009 వేసవిలో తోటి ఉపాధ్యాయుడొకరు, నేను భూపాలపల్లి దిక్కున ఒక పల్లెకు పోయినాము. అప్పటికి అదంతా వరంగల్ జిల్లాయే. చెరువుకట్ట మీద ఒక వీరగల్లు ఉన్నది. కత్తి దూసి నిలిచిన వీరుడు, అతని కాళ్ళ క్రింద ఆరు పంక్తుల వ్రాత. అప్పుడే కొన్న చిన్న కెమెరాతో నాలుగు ఛాయాచిత్రాలు తీసినాను. బడి వార్షికోత్సవ సంచికకు చిన్న వ్యాసం తయారుచేసి, ఛాయాచిత్రాన్ని ఆ పత్రంలో చొప్పించి, మూలలు పట్టి లాగి పుటలో ఇమిడేట్టు చిన్నది చేసినాను. ఉత్తరానికి జోడిస్తే పోలేదు, బరువెక్కువ. ఎవరో చెప్పినట్లు బొమ్మలను కుదించే మీట నొక్కినాను. పోయినది. కెమెరా కార్డులో జాగా లేదని ఆ సాయంత్రమే మూలప్రతులు తుడిచివేసినాను. పత్రంలో ఉన్నది కదా అనుకొన్నాను.

రెండు మూడేండ్లకు కట్టను వెడల్పు చేసినారు. రాయి మట్టి క్రింద పడినదో, ఏ తూముకు ఆనకట్టు అయినదో, అడిగితే తెలిసినవారు లేరు. నా దగ్గర మిగిలినది పత్రంలో కుదించుకుపోయిన ఆ బొమ్మ. అడ్డంగా మూడు వందల చుక్కలు. పెద్దది చేసి చూస్తే గళ్ళ దుప్పటి వలె కనబడుతుంది. మొదటి పంక్తిలో ‘స్వస్తి’ తెలుస్తుంది. చివర ‘కొడుకు’ అన్న మాట తెలుస్తుంది. నడుమ మూడవ పంక్తిలో పేరు ఉండవలె. కనబడదు. ఊరి కోసమో ఆవుల మంద కోసమో ప్రాణం ఇచ్చినవాని పేరు వందల ఏండ్లు ఎండకూ వానకూ ఓర్చుకొని నిలిచి, నేను నొక్కిన ఒక్క మీటకు పోయినది. కట్ట వెడల్పు చేసినవారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. వారు రాయి కోల్పోయినారు, నేను పేరు కోల్పోయినాను.

శాసన పరిశోధకులు దీన్ని ఎంత శ్రద్ధగా చేసేవారో తలచుకొంటే మన తొందర ఎంతటిదో తెలుస్తుంది. రాతిని కడిగి, తడిపిన కాగితాన్ని దాని మీద పరచి, కుచ్చుతో కొట్టి, అక్షరాల పల్లాలలోకి కాగితం దిగిన తర్వాత పైన సిరా అద్ది, ఆరనిచ్చి, మెల్లగా ఊడదీసి, ఊరి పేరు, తేదీ వ్రాసి దాచేవారు. బొమ్మ తయారుచేయడం అంటే అది. మహబూబాబాద్ జిల్లా కొరవిలోని శాసనం నన్నయకు ముందటి తెలుగు వచనాన్ని మనకు చూపుతుంది. అదే జిల్లా బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు త్రవ్వించి వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యాధారాలలో ఒకటి. ఇవి పుస్తకాలకెక్కి మన దాకా వచ్చినవంటే ఎవరో ఎండలో కూర్చుండి ఆ కాగితాన్ని ఓపికగా కొట్టబట్టే.

మన చేతిలోని సాధనానికి అంత శ్రమ అక్కరలేదు. నాలుగైదు నియమాలు చాలును. నేను ఆలస్యంగా నేర్చుకొన్నవి ఇవి.

మూలప్రతిని ముట్టుకొనరాదు. కెమెరా ఇచ్చినదాన్ని అట్లే ఒక చోట దాచి, ఇంకొక చోట కూడా దాచి, కత్తిరించడం, కుదించడం అన్నీ నకలు మీద చేయవలె. జేపెగ్ పద్ధతి కంటికి అంతగా కనబడని వివరాన్ని వదలివేసి బరువు తగ్గిస్తుంది. మార్చి దాచిన ప్రతిసారీ మరికొంత వదులుతుంది. ఛాయాచిత్రానికి అది తగినదే. గీతలు, పటాలు, తెరపట్లు, అక్షరాలు ఉన్నవాటికి పీఎన్‌జీ మేలు. అది దేనినీ వదలదు, అక్షరపు అంచు చుట్టూ మసి పట్టదు.

పత్రంలో బొమ్మను మూలలు పట్టి చిన్నది చేస్తే కనబడే కొలత తగ్గుతుంది గాని బరువు తగ్గదు. నాలుగు వేల చుక్కల వెడల్పు గల చిత్రం తపాలాబిళ్ళంత కనబడుతూనే మొత్తం బరువు మోస్తుంటుంది. కనుక చొప్పించడానికి ముందే నకలును కావలసిన కొలతకు తెచ్చుకొనవలె. ఉత్తరంలో తెర మీద చూచుకొనడానికి పన్నెండు వందల నుండి పదహారు వందల చుక్కల వెడల్పు చాలును. అచ్చుకు అంగుళానికి మూడు వందల చుక్కలు లెక్క, ఆరు అంగుళాల బొమ్మకు పద్దెనిమిది వందలు. ప్రక్క అంచు పట్టి లాగరాదు, మూల పట్టి లాగవలె. లేకపోతే పెంబర్తి కంచరులు కొలత తప్పకుండా పోతపోసిన విగ్రహం మన పత్రంలో బొజ్జ పెంచుకొని కూర్చుంటుంది. వర్డ్ వంటి సాధనాలు దాచేటప్పుడు బొమ్మలను తమంతట తామే కుదిస్తాయి. వద్దనే ఎంపిక లోపల ఉంటుంది, వెదకి పెట్టుకొనవలె. వాట్సాపులో ఛాయాచిత్రంగా పంపితే నలుగుతుంది. పత్రంగా జోడించి పంపితే నలగదు.

ఉత్తరాల విషయంలో ఒక విచిత్రం చెప్పవలె. విద్యుల్లేఖ మొదట అక్షరాల కొరకు మాత్రమే పుట్టినది. బొమ్మను జోడించే నేటి పద్ధతిలో మొదటి ఉత్తరాన్ని నథానియెల్ బోరెన్‌స్టైన్ 1992 మార్చి 11న పంపినాడు. ఆ పద్ధతిలో బొమ్మలోని ప్రతి మూడు భాగాలను నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతారు. అందువల్లనే జోడించిన దస్త్రం దారిలో మూడవ వంతు బరువెక్కుతుంది. ఇరువది అయిదు మెగాబైట్లకు అనుమతి ఉన్న చోట ఇరువది మెగాబైట్ల దస్త్రం ఎందుకు పోదో ఈ లెక్కతో తెలుస్తుంది. చిత్రమేమంటే, బొమ్మ అక్షరాల వేషం వేసుకొని బుద్ధిగా ప్రయాణం చేసి, గమ్యం చేరి మళ్ళీ బొమ్మ అవుతున్నది. మనమేమో అక్షరానికి బొమ్మ వేషం వేసి, దాన్ని తిరిగి అక్షరం కానివ్వకుండా చేస్తున్నాము.

శాసనాన్ని చిత్రించేటప్పుడు ఉదయపు, సాయంకాలపు ఏటవాలు ఎండ మంచిది. అక్షరపు గాడిలో నీడ నిలుస్తుంది. ప్రక్కన ఒక కొలబద్ద ఉంచండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి. దిద్దినది మన ఊహ, చెక్కినది వారి మాట. రంగులను తళుకుదేర్చే సదుపాయాలను కూడా వాడకండి. పాండవుల గుట్టల మీది ఎర్రని శిలాచిత్రాలను అట్లా మెరుగుపెట్టి, నిన్న వేసిన గోడరాతల వలె చేసి పంపినవారిని చూచినాను.

అన్నిటికంటె ముఖ్యం బొమ్మ క్రింది వ్యాఖ్య. కెమెరా పెట్టిన అంకెను తీసి, దస్త్రానికి పేరు పెట్టండి. బొమ్మ క్రింద ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీసినది అని నాలుగు మాటలు వ్రాయండి. ‘ఎప్పుడు’ అన్నది ఎంత అవసరమో మా ప్రాంతం వారికి బాగా తెలుసు. 1213లో కట్టిన రామప్ప గుడి కదలలేదు. కాని 2016 అక్టోబరు 11కు ముందు తీసిన బొమ్మ క్రింద వరంగల్ జిల్లా అని ఉంటుంది. ఆ తర్వాత తీసినదాని క్రింద జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరుపడిన తర్వాత తీసినదాని క్రింద ములుగు జిల్లా. 2021లో ప్రపంచ వారసత్వ సంపద అయిన గుడికే ఇట్లుంటే, చెరువుకట్ట మీది అనామక శిల గతి ఏమి? సంవత్సరం లేని వ్యాఖ్య మూడు గుళ్ళు ఉన్నవనే భ్రమ కలిగిస్తుంది. గ్రామం పేరు, సంవత్సరం తప్పక వ్రాయండి. జిల్లాలు మారినా ఊరు నిలుస్తుంది.

వ్యాఖ్య అబద్ధం చెప్పరాదు కూడా. పోతన చిత్రమని మనకు వచ్చే బొమ్మలన్నీ చిత్రకారుల ఊహలే. ‘భక్త పోతన’ సినిమాలో నాగయ్య గారి ముఖం మా తరానికి పోతన ముఖమై కూర్చున్నది. తప్పులేదు, అది ఆయన నటనాప్రతిభ. కాని పాఠ్యపత్రంలో పెట్టేటప్పుడు ‘చిత్రకారుని ఊహ’ అని రెండు మాటలు చేరిస్తే పిల్లవానికి ఊహకూ ఆధారానికీ తేడా తెలుస్తుంది. పాల్కురికి సోమనాథునికీ ఇదే వర్తిస్తుంది.

చెప్పవలసినదెంతో దాచవలసినదీ అంతే. చరవాణితో తీసిన ఛాయాచిత్రంలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కంటికి కనబడకుండా నమోదై ఉండవచ్చును. ఉత్తరానికి మూలప్రతిని జోడిస్తే అవి చెక్కుచెదరక పోతాయి. కాపలా లేని విగ్రహానికి అది దొంగ చేతిలో పెట్టిన దారిపటం. పరిశోధకునికి పంపేటప్పుడు ఉంచండి, పదిమందికి పంపేటప్పుడు తీసివేయండి. నేను పైన ఆ పల్లె పేరు చెప్పకపోవడానికి కారణం ఇదే. అక్కడ ఇంకా రెండు శిలలు ఉన్నవి.

చివరిది, కనబడనివారి కొరకు వ్రాసే మాట. జాలపుటలలో బొమ్మకు బదులు వినిపించే వాక్యం ఒకటి చేర్చే వీలు 1990ల నుండి ఉన్నది. పత్రాలలోనూ, చాలా ఉత్తరాలలోనూ ఉన్నది. మనమే ఖాళీగా వదలివేస్తున్నాము. అక్కడ ‘బొమ్మ’ అని వ్రాస్తే ప్రయోజనం లేదు. ‘పెంబర్తి ఇత్తడి పళ్ళెం, నడుమ హంస, అంచున లతలు’ అని వ్రాస్తే వినేవాని చేతికి ఆ పళ్ళెం అందుతుంది. బొమ్మను మాటలలో చెప్పడం మనకు రాని విద్యా? ప్రబంధాలలో నగర వర్ణనలు చదివి పెరిగినవారము. ఒక్క వాక్యం వ్రాయలేమా?

ఆ పూర్వ విద్యార్థి ఫోను చేసిన రాత్రి నేను ఆ ఖండికనంతా కూర్చుండి అక్షరాలుగా కొట్టి పంపినాను. తెల్లవారి ఆరు గంటలకే మళ్ళీ ఫోను.

“సార్, ఇయ్యాల మంచిగ ఇన్న. నాలుగుసార్లు ఇన్న. కోపం జేసుకోకుండ్రి గని, అయిదో పద్యం రెండో పాదంల యతి తప్పినట్టు కొడుతుంది. నిన్న మీరు చదువుతుంటే పట్టలే.”

చూచుకొన్నాను. తప్పినది. కొట్టడంలో పొరపాటు కాదు, వ్రాయడంలోనే పొరపాటు. నిన్న చదివేటప్పుడు నా గొంతు అలవాటుగా దాన్ని కప్పివేసినది. బొమ్మ చూచిన ముప్పయి తొమ్మిది మందీ పూలతీగెలను మెచ్చుకొన్నారు. అక్షరం చేతికి అందిన మొదటి పూటనే అతడు తప్పు పట్టుకొన్నాడు. ఆ పాదం మార్చుకొన్నాను. అక్షరాలలో రెండు నిమిషాలు పట్టినది. బొమ్మ మాత్రం ఆ తప్పుతోనే ఇప్పటికీ ఎక్కడెక్కడో తిరుగుతున్నది. దానిని వెనుకకు పిలిచే దారి నాకు లేదు.

మీ వద్ద పాత కెమెరా కార్డులు, సీడీలు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఏ చెరువుకట్ట మీది పేరో వాటిలో ఇంకా చెక్కుచెదరకుండా ఉండవచ్చును. ఉంటే మూలప్రతిని దాచి, క్రింద నాలుగు మాటలు వ్రాయండి.

స్వస్తి.